లైబ్రరీలో ఉండవలసినది, అప్లికేషన్‌లోకి రావలసినది

వెబ్ అప్లికేషన్లు నిర్మించే ఫ్రేమ్‌వర్క్‌కు అనుబంధంగా ఒక లైబ్రరీని తయారుచేసే వ్యక్తి, తాను రాసిన కోడ్‌ను దాన్ని వాడుకొనే డెవలపర్‌కు రెండు విధాలుగా అందించవచ్చు. మొదటి విధానంలో కోడ్ లైబ్రరీలోనే ఉంటుంది, అప్లికేషన్ నడిచేటప్పుడు అవసరమైన చోట దాన్ని పిలుచుకుంటుంది. డెవలపర్ ఆ కోడ్‌ను చదవనవసరం లేదు, దిద్దనవసరం లేదు, లైబ్రరీకి కొత్త వెర్షన్ వచ్చినప్పుడు ఒక్క అంకె మార్చుకుంటే సవరణలన్నీ వాటంతటవే వచ్చి చేరతాయి. రెండవ విధానంలో డెవలపర్ ఒక ఆదేశం ఇవ్వగానే కొన్ని ఫైళ్లు అతని ప్రాజెక్టు ఫోల్డర్‌లోనే పుట్టుకొస్తాయి, ఆ క్షణం నుంచి అవి అతను స్వయంగా రాసుకొన్న ఫైళ్లతో సమానమవుతాయి. ఇలా ఫైళ్లను రాసిపెట్టే ప్రోగ్రామును కోడ్ జనరేటర్ అంటారు. ఒకే ప్యాకేజీలో లైబ్రరీని, జనరేటర్‌ను కలిపి పంపిణీ చేయడం గత ఇరవై ఏళ్లలో వెబ్ ప్రోగ్రామింగ్‌లో సర్వసాధారణమైపోయింది గాని, ఏ కోడ్ లోపల ఉండాలి, ఏ కోడ్ బయటికి రావాలి అన్న విషయంలో అనుభవజ్ఞులు కూడా ఒక్క మాట మీద నిలవలేదు. ఆ నిలకడ లేకపోవడానికి బలమైన కారణాలే ఉన్నాయి; అవన్నీ చివరికి ఒకే ప్రశ్నకు చేరతాయి: ఒక తప్పు బయటపడిన రోజున దాన్ని దిద్దవలసిన బాధ్యత ఎవరిది?

జనరేటర్లలో రెండు జాతులున్నాయని ఆండ్రూ హంట్, డేవ్ థామస్ 1999లో ప్రచురించిన ది ప్రాగ్మాటిక్ ప్రోగ్రామర్ అనే పుస్తకంలో విభజించి చూపారు. ఒక్కసారి నడిచి, ఫలితాన్ని ఇచ్చి, ఆ ఫలితంతో సంబంధం తెంచుకొనేది మొదటి జాతి. మూలంలో మార్పు జరిగిన ప్రతిసారీ మళ్లీ నడిచి, పాత ఫలితాన్ని చెరిపి కొత్తదాన్ని రాసేది రెండవ జాతి. 1970ల్లో బెల్ ల్యాబ్స్‌లో స్టీఫెన్ జాన్సన్ తయారుచేసిన యాక్ రెండవ జాతికి చెందినది: ఒక భాష వ్యాకరణ నియమాలను దానికి ఇస్తే ఆ భాషను చదవగలిగే సీ ప్రోగ్రామును అది రాసి ఇస్తుంది, నియమం మారితే మళ్లీ మొత్తం రాస్తుంది, దాని ఫలితాన్ని చేత్తో దిద్దాలని ఎవరూ అనుకోరు. వెబ్ ఫ్రేమ్‌వర్క్‌ల జనరేటర్లు దాదాపు అన్నీ మొదటి జాతివి. వాటి ఫలితం దిద్దుకోవడానికే పుడుతుంది, దిద్దిన తరువాత జనరేటర్‌ను మళ్లీ నడపడం ప్రమాదకరమవుతుంది. ఈ ఒక్క తేడా గుర్తుంచుకొంటే తరువాత చెప్పబోయే చిక్కులలో సగం ముందే ఊహించవచ్చు.

ఈ విషయాన్ని పరిశీలించడానికి, రూబీ భాషలో రాసిన రూబీ ఆన్ రెయిల్స్ అనే ఫ్రేమ్‌వర్క్ చరిత్రను మించిన ఆధారం లేదు. చికాగోలోని 37సిగ్నల్స్ సంస్థ కోసం బేస్‌క్యాంప్ అనే అప్లికేషన్‌ను నిర్మిస్తూ, అందులో మళ్లీ మళ్లీ వాడదగిన భాగాన్ని విడదీసి, డెన్మార్క్‌కు చెందిన డేవిడ్ హైనెమియర్ హాన్సన్ 2004 జూలైలో ఈ ఫ్రేమ్‌వర్క్‌ను లోకానికి విడుదల చేశాడు. రెయిల్స్‌కు తొలి రోజుల్లో వచ్చిన ఖ్యాతిలో ఎక్కువ భాగం, పావుగంటలో ఒక చిన్న అప్లికేషన్‌ను కట్టి చూపిన 2005 నాటి ప్రదర్శనది. ఆ ప్రదర్శనలో చూపరులను ఆశ్చర్యపరచినది స్కాఫోల్డ్ అనే సదుపాయం: డేటాబేస్‌లో ఒక పట్టిక ఉంటే దానికి కొత్త అంశం చేర్చే తెర, జాబితా చూపే తెర, దిద్దే తెర, తొలగించే మార్గం ఒక్క మాటతో సిద్ధమయ్యేవి. అయితే ఆ కాలంలో స్కాఫోల్డ్ రెండు రూపాల్లో ఉండేది. కంట్రోలర్‌లో, అంటే బ్రౌజర్ నుంచి వచ్చిన అభ్యర్థనకు జవాబు చెప్పే ఫైలులో, ఒక్క వరుస రాస్తే తెరలన్నీ అప్లికేషన్ నడిచేటప్పుడు అదృశ్యంగా తయారయ్యేవి. లేదా జనరేటర్‌ను పిలిస్తే అదే పనిచేసే ఫైళ్లు ప్రాజెక్టులో కనిపించేవి. ఒకే సౌకర్యం లైబ్రరీగా ఒకసారి, జనరేటర్‌గా మరొకసారి పక్కపక్కన నిలబడి పోటీపడిందన్నమాట. 2007 డిసెంబరులో వచ్చిన రెయిల్స్ 2.0 మొదటి రూపాన్ని ప్రధాన ఫ్రేమ్‌వర్క్ నుంచి తీసివేసింది.

ఆ నిర్ణయం సబబే. ఏ ఇద్దరికీ ఒకే విధంగా అవసరపడని తెరలను లైబ్రరీలో దాచి ఉంచితే, ఒక్క గడిని పక్కకు జరపాలన్నా డెవలపర్ లైబ్రరీతో కుస్తీ పట్టవలసి వస్తుంది. లైబ్రరీ కర్త ప్రతి చిన్న కోరికకూ ఒక కొత్త సెట్టింగు చేర్చుకుంటూ పోవలసి వస్తుంది. మారబోయేది ఖాయమని తెలిసిన కోడ్‌ను మార్చేవాడి చేతికే ఇవ్వడం న్యాయం. దీని విలోమం కూడా అంతే నిజం: ఎవరూ మార్చకూడని కోడ్‌ను ప్రతి ప్రాజెక్టులోకీ నకలు చేసి పంచడం అన్యాయం. అద్దె ఇంట్లో పైకప్పు కారితే యజమాని బాగుచేయించాలి గాని గోడకు మేకు కొట్టాలన్నా అతన్ని అడగాలి. సొంత ఇంట్లో గోడలు పడగొట్టినా అడిగేవారు లేరు గాని కారే కప్పు కింద బిందె పెట్టుకోవలసింది కూడా ఇంటివారే. లైబ్రరీకీ జనరేటర్ ఫలితానికీ మధ్య ఉన్న భేదం ఇదే.

రెయిల్స్ తొలి వెర్షన్లలో జనరేటర్ల యంత్రాంగం బయటివారు విస్తరించడానికి అంత అనువుగా ఉండేది కాదు. 2009లో గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్ కార్యక్రమం కింద బ్రెజిల్‌కు చెందిన జోజే వాలిమ్ ఆ యంత్రాంగాన్ని కొత్తగా నిర్మించే పని చేపట్టాడు. యెహుదా కట్జ్ రాసిన థోర్ అనే పరికరం దానికి పునాది. ఆదేశపంక్తి నుంచి పిలవదగిన పనులను సాధారణ రూబీ క్లాసులుగా రాసుకోవడానికి థోర్ వీలు కల్పిస్తుంది. 2010 ఆగస్టులో వచ్చిన రెయిల్స్ 3.0లో ఈ కొత్త యంత్రాంగం అమలులోకి వచ్చింది, దాని మౌలిక స్వరూపం నేటికీ అదే. జనరేటర్ అంటే ఒక క్లాసు. అందులో బహిరంగంగా ప్రకటించిన ప్రతి మెథడ్, రాసిన వరుసలోనే, ఒకదాని తరువాత ఒకటి నడుస్తుంది. ఒక మెథడ్ అచ్చు ఫైలును, అంటే నమూనాగా ముందే రాసిపెట్టిన ఫైలును, నకలు చేస్తుంది, మరొకటి అచ్చులోని ఖాళీలను పూరించి రాస్తుంది, ఇంకొకటి దారుల పట్టికలో, అంటే ఏ వెబ్ చిరునామాకు ఏ కోడ్ జవాబు చెప్పాలో తెలిపే రౌట్స్ ఫైలులో, ఒక వరుస చేరుస్తుంది. పేరు ఒక్కటి ఇస్తే ఫైలు పేరు, క్లాసు పేరు, డేటాబేస్ పట్టిక పేరు అన్నీ జనరేటరే రాబట్టుకుంటుంది. పట్టిక పేరును ఇంగ్లీషు వ్యాకరణం ప్రకారం బహువచనం చేయడం దాని అలవాటు గనుక, పుస్తకం అని పేరు పెట్టిన తెలుగు డెవలపర్‌కు పుస్తకమ్స్ అనే పట్టిక దక్కడం ఒక చిన్న వినోదం.

లైబ్రరీ రచయితకు ఈ యంత్రాంగంలో అన్నిటికన్నా ఉపకరించే గుణం, దాన్ని ఎక్కడా నమోదు చేయనవసరం లేకపోవడం. రూబీలో లైబ్రరీలను జెమ్ అనే ప్యాకేజీలుగా పంచుతారు. ఆ జెమ్‌లోని లిబ్ ఫోల్డర్‌లో జనరేటర్స్ అనే ఉపఫోల్డర్, దానిలో లైబ్రరీ పేరుతో మరొకటి, అందులో నిర్ణీత పద్ధతిలో పేరు పెట్టిన ఫైలు ఉంటే చాలు. ఆదేశం ఇచ్చినప్పుడు రెయిల్స్ తన పరిధిలో ఉన్న జెమ్‌లన్నిటిలో ఆ పేరుకు సరిపడే దారులను వెతికి, దొరికిన ఫైలును అప్పుడే చదువుతుంది. వెతికి చదవడం ఆదేశం ఇచ్చినప్పుడు మాత్రమే జరుగుతుంది గనుక, వేలమందికి సేవలందిస్తున్న సర్వర్‌లో ఆ జనరేటర్ కోడ్ డిస్కు మీద పడి ఉంటుందే తప్ప మెమరీని ఆక్రమించదు. లైబ్రరీని, దాని జనరేటర్‌ను ఒకే జెమ్‌లో కట్టడానికి ఎవరూ వెనుకాడకపోవడానికి ఇదొక కారణం. రెండూ కలిసి ప్రయాణించడం వల్ల మరొక లాభం కూడా ఉంది: జనరేటర్ రాసే కోడ్ ఏ వెర్షన్ లైబ్రరీని ఉద్దేశించి రాయబడిందో అదే వెర్షన్ పక్కన ఉంటుంది, రెండింటి మధ్య పొరపొచ్చాలు రావు. జనరేటర్‌ను వేరే ప్యాకేజీగా విడదీసినవారు ఈ పొంతనను కాపాడుకోవడానికి అదనంగా శ్రమపడవలసి వస్తుంది.

రెయిల్స్ 3 మరొక తలుపు కూడా తెరచింది, దాని ప్రభావం తొలిచూపుకు కనిపించినదానికన్నా పెద్దది. ఫ్రేమ్‌వర్క్ సొంత జనరేటర్ ఒక మోడల్‌ను, అంటే డేటాబేస్ పట్టికకు ప్రతినిధిగా ఉండే క్లాసును రాసేటప్పుడు, దానికి పరీక్షలు రాసే పనిని తాను చేయకుండా పరీక్షల బాధ్యత ఎవరిదైతే వారికి అప్పగిస్తుంది. ఈ అప్పగింతను హుక్ అంటారు. ప్రాజెక్టులో ఆర్‌స్పెక్ రెయిల్స్ అనే జెమ్ ఉంటే అది ముందుగానే ఆ బాధ్యతను తనకు రాయించుకుంటుంది, అప్పటి నుంచి మోడల్ పుట్టినప్పుడల్లా రెయిల్స్ శైలి పరీక్షలకు బదులు ఆర్‌స్పెక్ శైలి పరీక్షలు పుడతాయి. పరీక్షలకు కావలసిన నమూనా సమాచారాన్ని ఫ్యాక్టరీ బాట్ జెమ్ ఇదే పద్ధతిలో తన చేతిలోకి తీసుకుంటుంది. డెవలపర్ మాత్రం ఎప్పటి ఆదేశమే ఇస్తాడు. ఒక లైబ్రరీ తన సొంత జనరేటర్‌ను పిలవమని అడగకుండా, అప్పటికే అలవాటైన ఆదేశంలోనే చోటు సంపాదించడం ప్యాకేజింగ్ కళలో ఉన్నత స్థాయి అని ఒప్పుకోవాలి.

అదే 2009లో, అదే వాలిమ్ సహస్థాపకుడుగా ఉన్న ప్లాటాఫార్మాటెక్ సంస్థ నుంచి డివైజ్ అనే లైబ్రరీ వెలువడింది. సభ్యత్వం తీసుకోవడం, పాస్‌వర్డ్‌తో లోపలికి రావడం, మరచిన పాస్‌వర్డ్‌ను మార్చుకోవడం వంటి పనులను అది నిర్వహిస్తుంది. వీటిని కలిపి అథెంటికేషన్ అంటారు. ఏది లోపల, ఏది బయట అన్న ప్రశ్నకు డివైజ్ ఇచ్చిన జవాబు కొన్నేళ్లపాటు ఇతరులకు ఆదర్శంగా నిలిచింది గనుక దాన్ని కొంచెం నిదానంగా చూడడం మంచిది. మొదటి ఆదేశం రెండే ఫైళ్లను రాస్తుంది: ఒకటి సెట్టింగుల ఫైలు, దానిలో చాలా భాగం వివరణలతో కూడిన, అమలులో లేని వరుసలే, రెండవది తెరపై చూపే ఇంగ్లీషు సందేశాల ఫైలు. తెలుగులో సందేశాలు కావలసినవారు ఆ రెండవ ఫైలును చూసి అదే వరుసలో మరొక ఫైలు రాసుకోవచ్చు. రెండవ ఆదేశానికి మోడల్ పేరు ఇస్తే, ఆ మోడల్ లేకపోతే సృష్టించి, ఉంటే దానిలో ఒక్క వాక్యం చేర్చి, రౌట్స్ ఫైలులో మరొక వాక్యం చేర్చి, డేటాబేస్ పట్టికను మార్చే మైగ్రేషన్ ఫైలు ఒకటి రాస్తుంది. పాస్‌వర్డ్‌ను గుప్తరూపంలోకి మార్చడం, మరచినవారికి పంపే రహస్య సంకేతాన్ని తయారుచేసి సరిచూడడం మొదలైన, పొరపాటు జరిగితే ప్రమాదం తెచ్చే కోడ్ ఒక్క వరుస కూడా బయటికి రాదు.

తెరల విషయంలో డివైజ్ చూపిన వివేకం ఇంకా మెచ్చదగినది. లోపలికి వచ్చే తెర, నమోదు తెర వంటివన్నీ మొదట లైబ్రరీలోనే ఉంటాయి, అప్లికేషన్ వాటినే వాడుకుంటుంది. వాటి రూపం నచ్చనివారు మరొక ఆదేశం ఇస్తే ఆ ఫైళ్లన్నీ ప్రాజెక్టులోకి నకలవుతాయి. ఒకే పేరుతో రెండు చోట్లా ఫైలు ఉన్నప్పుడు ప్రాజెక్టులోనిదే చెల్లుతుంది. అనగా, కోరనివారి ప్రాజెక్టులోకి ఒక్క ఫైలు అనవసరంగా రాదు, కోరినవారికి సర్వాధికారం దక్కుతుంది. లైబ్రరీలో లోపలి రూపం ఉండాలి, దాన్ని తోసిరాజనే వీలు ఉండాలి, ఆ వీలును అందించడానికి మాత్రమే జనరేటర్ ఉండాలి అన్న పద్ధతి ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది.

ఇంత జాగ్రత్తగా కట్టిన లైబ్రరీకి కూడా నకలైన ఫైళ్ల బెడద తప్పలేదు. 2021 డిసెంబరులో వచ్చిన రెయిల్స్ 7, టర్బో అనే పరికరాన్ని ప్రామాణికం చేసింది; ఫారం నింపడంలో తప్పు జరిగితే సర్వర్ 422 అనే స్థితి సంఖ్యతో జవాబివ్వాలని టర్బో ఆశిస్తుంది, డివైజ్ మాత్రం అంతవరకు 200 పంపేది, అంటే అంతా సవ్యంగా ఉందని చెప్పేది. 2023లో వచ్చిన డివైజ్ 4.9 ఈ సంఖ్యను సెట్టింగుగా మార్చింది. కొత్తగా డివైజ్‌ను స్థాపించుకొనేవారి సెట్టింగుల ఫైలులో జనరేటర్ 422ను రాసి ఇస్తుంది. అప్పటికే ఏళ్ల తరబడి నడుస్తున్న అప్లికేషన్ల సెట్టింగుల ఫైళ్లు డెవలపర్ల సొత్తు గనుక వాటిని లైబ్రరీ ముట్టుకోలేదు, పాతవారి అప్లికేషన్ భంగపడకూడదు గనుక లోపలి విలువను 200గానే ఉంచవలసి వచ్చింది. ఇక తెరలను నకలు చేసుకొన్నవారు ఆ ఫైళ్లలో టర్బోకు సరిపడే మార్పులను తామే చేత్తో చేసుకోవలసి వచ్చింది. తెరలను నకలు చేసుకోనివారికి ఆ మేరకు పని తప్పింది.

జనరేటర్‌ను ప్యాకేజీలో చేర్చేటప్పుడు ఎదురయ్యే సాంకేతికమైన చిక్కులు కొన్ని చిన్నవే అయినా ప్రతి కొత్త రచయితనూ పట్టి కుదిపేవే. జెమ్‌లో ఏయే ఫైళ్లు చేరాలో తెలిపే జాబితా ఒకటి ఉంటుంది. రూబీ ఫైళ్లను మాత్రమే చేర్చే విధంగా ఆ జాబితాను రాస్తే అచ్చు ఫైళ్లు ప్యాకేజీలోకి రావు, రచయిత కంప్యూటర్‌లో అన్నీ పక్కనే ఉంటాయి గనుక లోపం బయటపడదు, ప్రచురించిన తరువాత మొదటి డెవలపర్ ఆదేశం ఇచ్చినప్పుడు గాని తెలియదు. అచ్చు ఫైళ్లు తరచుగా వెబ్ పేజీల టెంప్లేట్లే కావడం మరొక చిక్కు: జనరేటర్ నింపవలసిన ఖాళీ, పేజీ తెరుచుకొన్నప్పుడు నింపవలసిన ఖాళీ ఒకే గుర్తులతో రాయబడతాయి, వాటిని వేరుచేయడానికి రెండవదానిలో శాతం గుర్తును రెండుసార్లు వేయాలి, ఒక్కటి మరచినా ఫలితం తారుమారవుతుంది.

వీటికన్నా లోతైన చిక్కు, తనది కాని ఫైలును దిద్దడంలో ఉంది. కొత్త ఫైలు రాయడం సులువు. ఆ పేరుతో ఫైలు అప్పటికే ఉంటే రెయిల్స్ ఆగి, దానిమీద రాయాలా, వదిలేయాలా, తేడా చూపాలా అని అడుగుతుంది. అప్పటికే ఉన్న రౌట్స్ ఫైలులోనో మోడల్‌లోనో ఒక వరుసను చొప్పించడానికి మాత్రం థోర్ ఆ ఫైలును కేవలం అక్షరాల వరుసగా చూసి, ఫలానా మాట తరువాత ఫలానా మాట అని గుర్తుపట్టి చేరుస్తుంది. డెవలపర్ ఆ ఫైలును తన శైలిలో రాసుకొని ఉంటే గుర్తు దొరకకపోవచ్చు, తప్పు చోట దొరకనూవచ్చు. అదే వరుస ముందే ఉంటే మళ్లీ చేర్చకుండా ఉండే తెలివి థోర్‌కు ఉంది, అందువల్ల ఆదేశాన్ని పొరపాటున రెండుసార్లు ఇచ్చినా నష్టం ఉండదు. అదే పేరుతో మైగ్రేషన్ ఉంటే రెయిల్స్ కూడా అభ్యంతరం చెబుతుంది. జనరేటర్ చేసిన పనిని వెనక్కి తిప్పే డెస్ట్రాయ్ ఆదేశం ఉంది గాని, అది రాసిన ఫైళ్లను తొలగించగలదు, చొప్పించిన వరుసలను తీయగలదు, ఒక మాటకు బదులు మరొక మాట పెట్టిన చోట మాత్రం పాత మాటను తిరిగి తేలేదు. అందుచేత జాగ్రత్తపరులైన రచయితలు ఇతరుల ఫైళ్లలో వీలైనంత తక్కువ, సాధ్యమైతే ఒక్క వరుస మాత్రమే చేర్చి, మిగిలిన పనంతా ఆ వరుస పిలిచే లైబ్రరీ కోడ్‌లో ఉంచుతారు. మోడల్‌లో డివైజ్ చేర్చే ఏకైక వాక్యం వెనుక ఉన్న తర్కం ఇదే.

పరీక్షల విషయంలో కూడా జనరేటర్ మామూలు కోడ్ వంటిది కాదు. తాత్కాలిక ఫోల్డర్‌లో జనరేటర్‌ను నడిపి, ఫలానా ఫైలు పుట్టిందా, దానిలో ఫలానా వాక్యం ఉందా అని చూసే సదుపాయం రెయిల్స్‌లో ఉంది. అయితే వాక్యం ఉన్నంత మాత్రాన అది పనిచేస్తుందని హామీ లేదు. ఖాళీ అప్లికేషన్ ఒకటి కొత్తగా పుట్టించి, ప్యాకేజీని నిజంగా స్థాపించి, జనరేటర్‌ను నడిపి, ఆ అప్లికేషన్‌ను లేపి చూడడమే నమ్మదగిన పరీక్ష. ఇది నెమ్మదైన పని, ఫ్రేమ్‌వర్క్ కొత్త వెర్షన్ వచ్చినప్పుడల్లా చేయవలసిన పని, అందుకే చాలామంది మానేసే పని.

అచ్చు ఫైళ్ల హక్కుల సంగతి సాధారణంగా ఎవరికీ తట్టదు. జనరేటర్ రాసే ఫైలులో ఎక్కువ పాళ్లు లైబ్రరీ రచయిత రాసిన పాఠమే గనుక, లైబ్రరీ లైసెన్సు షరతులు ఆ ఫైలుకూ వర్తిస్తాయా అన్న ప్రశ్న వస్తుంది. యాక్‌కు ప్రత్యామ్నాయంగా గ్నూ ప్రాజెక్టు తయారుచేసిన బైసన్ విషయంలో ఈ ప్రశ్న నిజంగానే తలెత్తింది: బైసన్ ఇచ్చే ఫలితంలో దాని సొంత కోడ్ గణనీయంగా ఉండడం వల్ల, 1.24 వెర్షన్‌కు ముందు ఆ ఫలితాన్ని స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌లో మాత్రమే వాడవలసి ఉండేది. ఆ తరువాత ప్రత్యేక మినహాయింపు రాసి, 2.2 వెర్షన్‌లో దాన్ని ఇంకా విస్తరించారు. రెయిల్స్, డివైజ్ రెండూ ఉదారమైన ఎంఐటీ లైసెన్సు కింద ఉండడం వల్ల వెబ్ ప్రపంచంలో ఈ సమస్య అంతగా బాధించలేదు గాని, కఠినమైన లైసెన్సు గల లైబ్రరీకి జనరేటర్ చేర్చేవారు అచ్చుల సంగతి విడిగా రాసిపెట్టడం అవసరం.

ఒకసారి పంచిన కోడ్‌ను తరువాత నవీకరించడం ఎలా అన్న ప్రశ్నకు రెయిల్స్ ఇచ్చిన జవాబు అరకొరగానే ఉంది. ఫ్రేమ్‌వర్క్ పెద్ద వెర్షన్ మారినప్పుడు అమలు చేసే నవీకరణ ఆదేశం సెట్టింగుల ఫైళ్లను మళ్లీ రాయజూపుతూ ప్రతిచోటా డెవలపర్‌ను తేడా చూసి నిర్ణయించుకోమంటుంది. ఫైళ్ల నిల్వకు తోడ్పడే యాక్టివ్ స్టోరేజ్ వంటి భాగాలు తమ పట్టికలు మారినప్పుడు కొత్త మైగ్రేషన్లను ప్రాజెక్టులోకి నకలు చేసే ఆదేశాలను వెంట తెస్తాయి. దీనికన్నా సాహసమైన మార్గం గూగుల్‌లో తయారైన యాంగ్యులర్ అనే ఫ్రేమ్‌వర్క్ ఎంచుకొన్నది. 2018 మే నెలలో వచ్చిన ఆరవ వెర్షన్ నుంచి, ఏ లైబ్రరీ అయినా తనను ప్రాజెక్టులో చేర్చుకొనే సమయంలో నడవవలసిన జనరేటర్‌తో పాటు, ఒక వెర్షన్ నుంచి మరొక వెర్షన్‌కు మారేటప్పుడు డెవలపర్ కోడ్‌లో చేయవలసిన దిద్దుబాట్లను కూడా ప్రోగ్రాములుగా రాసి అదే ప్యాకేజీలో పెట్టవచ్చు. ఈ ప్రోగ్రాములు ఫైళ్లను నేరుగా తాకవు. ముందు ఒక ఊహాత్మక ఫైళ్ల వృక్షంలో మార్పులన్నీ చేసి, ఎక్కడా తప్పు రాకపోతేనే డిస్కు మీద రాస్తాయి. యాంగ్యులర్ అప్లికేషన్లు రాసే టైప్‌స్క్రిప్ట్ భాషకు కట్టుదిట్టమైన పార్సర్, అంటే కోడ్ నిర్మాణాన్ని విడదీసి చదివే పరికరం, అందుబాటులో ఉండడం వల్ల అక్షరాల పోలికకు బదులు వాక్య నిర్మాణాన్ని బట్టి దిద్దే వీలు కూడా కలిగింది. రచయిత మీద పడే భారం మాత్రం రెట్టింపు: కొత్త కోడ్ రాయడంతో సరిపోదు, పాత కోడ్‌ను కొత్తదిగా మార్చే కోడ్ కూడా రాయాలి.

ఈ చరిత్రలో అన్నిటికన్నా ఆలోచింపజేసే మలుపు మళ్లీ జోజే వాలిమ్ దగ్గరే వస్తుంది. 2011లో అతను ఎలిక్సిర్ అనే కొత్త భాషకు శ్రీకారం చుట్టాడు, ఆ భాషలో క్రిస్ మెకార్డ్ ఫీనిక్స్ అనే వెబ్ ఫ్రేమ్‌వర్క్‌ను నిర్మించాడు. ఫీనిక్స్‌కు డివైజ్ వంటి లైబ్రరీ ఎప్పుడు వస్తుందని చాలామంది ఎదురుచూస్తుండగా, 2020లో వాలిమ్ ప్రతిపాదించినది లైబ్రరీ కాదు, కేవలం జనరేటర్. ఒక ఆదేశం ఇస్తే పాస్‌వర్డ్ సరిచూసే కోడ్, సెషన్ నిర్వహణ, అంటే లోపలికి వచ్చిన వ్యక్తిని గుర్తుంచుకొనే పద్ధతి, సంకేతాల పట్టిక, వాటన్నిటికీ పరీక్షలు సహా సమస్తం డెవలపర్ ప్రాజెక్టులోకి వచ్చేస్తాయి. పాస్‌వర్డ్‌ను గుప్తపరచే గణితం వంటి, ఎవరూ చెయ్యి పెట్టకూడని భాగం మాత్రం విడి లైబ్రరీలో ఉంటుంది. మొదట్లో ఇది వేరే ప్యాకేజీగా దొరికేది, దాన్ని అభివృద్ధి దశకు మాత్రమే పరిమితం చేసి చేర్చుకోవడం, పని ముగిశాక జాబితా నుంచి తీసివేయడం కూడా సాధ్యమయ్యేది. 2021లో ఫీనిక్స్ 1.6తో అది ఫ్రేమ్‌వర్క్‌లోనే కలిసిపోయింది. రెయిల్స్ కూడా 2024 నవంబరులో విడుదలైన 8.0 వెర్షన్‌లో తన సొంత అథెంటికేషన్ జనరేటర్‌ను చేర్చింది. లోపలికి రావడం, పాస్‌వర్డ్ మార్చుకోవడం వరకు అది రాసి ఇస్తుంది, కొత్త సభ్యుల నమోదు తెరను మాత్రం డెవలపర్ రాసుకోవాలి.

ఒకే వ్యక్తి, ఒకే సమస్యకు, పదేళ్ల తేడాతో ఎదురు జవాబు చెప్పడాన్ని అభిప్రాయం మార్చుకోవడంగా మాత్రమే చూస్తే విషయం చేజారుతుంది. అథెంటికేషన్ అనేది ప్రతి వ్యాపారానికీ ఏదో ఒక మూల భిన్నంగా ఉంటుంది. ఒక చోట మొబైల్ నంబరుతో ప్రవేశం, మరొక చోట ఒకే వ్యక్తికి రెండు సంస్థల్లో సభ్యత్వం, ఇంకొక చోట పర్యవేక్షకుడి ఆమోదం కావాలి. లైబ్రరీలోని కోడ్‌ను ఇలాంటి అవసరాలకు వంచడానికి డివైజ్ వాడుకదారులు దాని అంతర్భాగాలను లోతుగా అర్థం చేసుకోవలసి వచ్చింది. తమ ఫోల్డర్‌లో ఉన్న కోడ్‌ను చదివి మార్చడం అంతకన్నా తేలిక. దీనికి చెల్లించవలసిన మూల్యం భద్రతది. డివైజ్‌లో లోపం దొరికితే ఒక కొత్త వెర్షన్ విడుదల చేసి ప్రతి ఒక్కరినీ అంకె మార్చుకోమనవచ్చు, పాత వెర్షన్ వాడుతున్నారని హెచ్చరించే పరికరాలు కూడా ఆ అంకెను చూసి పట్టుకోగలవు. జనరేటర్ రాసిన కోడ్‌లో లోపం దొరికితే, ఆ కోడ్ ఎన్ని ప్రాజెక్టుల్లో, ఎన్ని రకాలుగా దిద్దబడి ఉందో ఎవరికీ తెలియదు. దానిమీద వెర్షన్ అంకె అంటించి ఉండదు, హెచ్చరించే పరికరానికి అది డెవలపర్ సొంత రచనలాగే కనిపిస్తుంది. కోడ్ చదివే అలవాటు, ప్రకటనలను గమనించే క్రమశిక్షణ ఉన్న బృందానికి జనరేటర్ మేలు. ఒక్కరే కూర్చొని మూడు ప్రాజెక్టులు నడుపుకొనే చోట లైబ్రరీయే క్షేమం. ఏ చోటనైనా పాస్‌వర్డ్‌ను గుప్తపరచే భాగాన్ని నకలు చేసి పంచడం మాత్రం సమర్థించరానిది, ఫీనిక్స్ గాని రెయిల్స్ గాని ఆ పని చేయలేదు.

2025లో వచ్చిన ఫీనిక్స్ 1.8లో ఇదే జనరేటర్ పాస్‌వర్డ్‌కు బదులు ఈమెయిల్‌కు పంపే లింకు ద్వారా ప్రవేశాన్ని ప్రధాన మార్గంగా చేసి, వేరే రకం కోడ్‌ను రాయసాగింది. ఆ రోజు కొత్తగా ఆదేశం ఇచ్చినవారికి కొత్త పద్ధతి దక్కింది. 1.6 కాలంలో అదే ఆదేశం ఇచ్చినవారి అప్లికేషన్లు, తమ ఫ్రేమ్‌వర్క్ వెర్షన్‌ను 1.8కి పెంచుకొన్న తరువాత కూడా, 2021 నాటి ప్రవేశ తెరతోనే, 2021 నాటి కోడ్‌తోనే నడుస్తాయి. కొత్త పద్ధతి కావాలంటే వేరే ఖాళీ ప్రాజెక్టులో జనరేటర్‌ను మళ్లీ నడిపి, పుట్టిన ఫైళ్లను పాతవాటి పక్కన పెట్టుకొని, తేడాలను డెవలపరే ఒక్కొక్క వరుసగా తన ప్రాజెక్టులోకి ఎక్కించుకోవాలి.